మొదటిసారి దక్షిణ కొరియా వెళ్తున్నవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

కొరియన్ సీరియళ్లు చూసీ చూసీ టికెట్ కొనేసినవాళ్లు, సియోల్‌లో చదువుతున్న పిల్లల దగ్గరికి వెళ్తున్న తల్లిదండ్రులు, ఆఫీసు పని మీద వెళ్లి మరో నాలుగు రోజులు ఉండి చూసొద్దామనుకునేవాళ్లు. ఎవరైనా అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ ఫోన్‌లో మొదటి నుంచి చెప్పే బదులు ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ధరలు, వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారంలో అధికారిక సైట్లలో ఒకసారి సరిచూసుకోండి.

## బయల్దేరే ముందు

ఇండియన్ పాస్‌పోర్టుకు వీసా కావాలా? కే-ఈటీఏ తీసుకుంటే సరిపోతుందన్నారు?

వీసా కావాల్సిందే. కే-ఈటీఏ అనేది వీసా అక్కర్లేని దేశాలవాళ్లు ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి, మనకు వర్తించదు. చూడటానికి వెళ్లేవారికి ఇచ్చేది సీ-3-9 రకం వీసా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చెన్నైలోని కొరియా కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి. బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐటీ రిటర్నులు, ఉద్యోగమైతే కంపెనీ లెటర్, ఏ రోజు ఎక్కడ ఉంటారో చెప్పే ప్లాన్ ముఖ్యం. 90 రోజుల్లోపు ఒకసారి వెళ్లొచ్చే వీసాకు ఫీజు 40 డాలర్లకు సమానమైన రూపాయలు, దరఖాస్తు కేంద్రం సర్వీస్ చార్జీ అదనం. ఖాతాలో ఎప్పుడూ లేని పెద్ద మొత్తం చివరి వారంలో తెచ్చి వేయకండి. అది లాభం కన్నా అనుమానమే ఎక్కువ తెస్తుంది. వీసా చేతికి వచ్చేదాకా డబ్బు వాపసు రాని టికెట్లు కొనొద్దు.

జెజు ద్వీపానికి వీసా లేకుండానే వెళ్లొచ్చట కదా?

నిజమే, కానీ మెలిక ఉంది. వేరే దేశం నుంచి నేరుగా జెజులోనే దిగాలి, 30 రోజుల్లోపు అటు నుంచి అటే వెళ్లిపోవాలి. సియోల్, బుసాన్‌లలో అడుగు పెట్టకూడదు. సియోల్ ఎయిర్‌పోర్టు ఉన్న ఇంచియాన్‌లో దిగి లోపలి విమానంలో జెజు వెళ్తానంటే కుదరదు. మొదటిసారి వెళ్తూ సియోల్ చూడకుండా రావడం నాకైతే అర్థం లేని పని.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

నన్నడిగితే అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ మొదటి వారం దాకా. ఆకులు ఎరుపు, పసుపు తిరిగి ఉంటాయి, ఆకాశం తేటగా ఉంటుంది, పల్చటి స్వెటర్ చాలు. చెర్రీ పూల కోసమైతే మార్చి చివర, ఏప్రిల్ మొదటి పదిరోజులు. పూలు దక్షిణం నుంచి ఉత్తరానికి పూస్తూ వస్తాయి, ఒక్కోచోట వారం మించి నిలవవు, గాలివాన వస్తే అంతకూడా ఉండవు. పిల్లల వేసవి సెలవుల్లోనే కుదిరేవారికి మే నెల బంగారం. చాంద్రమాన నాలుగో నెల ఎనిమిదో రోజు అక్కడ బుద్ధ జయంతి. దానికి ముందు సియోల్‌లో వేలమంది కాగితపు లాంతర్లు పట్టుకుని ఊరేగుతారు. ఆ లాంతర్ల పండుగను 2020లో యునెస్కో గుర్తించింది.

తప్పించుకోవాల్సినవి రెండు. జూన్ చివర నుంచి జూలై చివరి దాకా వానలు, ఆగస్టులో మన కోస్తాను మరిపించే ఉక్కపోత. రెండోది చూసోక్ పండుగ, సెప్టెంబర్‌లోనో అక్టోబర్‌లోనో వస్తుంది. మన సంక్రాంతి రైళ్లలా అప్పుడు అక్కడి రైళ్లకు టికెట్ దొరకదు, చిన్న హోటళ్లు మూసేస్తారు. మన దసరా సెలవులు ఒక్కోసారి సరిగ్గా దాని మీదే పడతాయి, క్యాలెండర్ చూసుకోండి. జనవరిలో సియోల్ మైనస్ పదికి దిగుతుంది. మంచు చూడాలనే పట్టుదల ఉంటే తప్ప పెద్దవాళ్లతో వెళ్లొద్దు.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

ఎనిమిది తొమ్మిది రాత్రులు. సియోల్‌కు అయిదు, పాత రాజధాని గ్యోంగ్‌జుకు రెండు, బుసాన్‌కు రెండు. అయిదు రోజులే ఉంటే సియోల్ వదిలి ఎక్కడికీ వెళ్లకండి. చాలామంది పంపే ప్లాన్లలో రోజుకు ఆరు స్థలాలుంటాయి, సాయంత్రానికి ఏ ప్యాలెస్ ఏదో కూడా గుర్తుండదు. పొద్దున ఒక చూడాల్సిన చోటు, మధ్యాహ్నం ఒక చేసి చూడాల్సిన పని. అంతకు మించి పెట్టుకోకపోతేనే కొరియా కాస్తయినా తెలుస్తుంది.

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉందా?

లేదు. ఢిల్లీ నుంచి ఇంచియాన్‌కు నేరుగా ఉన్నాయి. లేదంటే సింగపూర్, బ్యాంకాక్, కౌలాలంపూర్, హాంకాంగ్‌లలో మారాలి. కొరియా గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది, ఇంటికి ఫోన్ చేసేటప్పుడు గుర్తుంచుకోండి.

లగేజీలో పచ్చళ్లు పెట్టుకోవచ్చా?

చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి వద్దే వద్దు. మాంసంతో చేసినదేదీ ప్రయాణికులు తీసుకురాకూడదు. చెప్పకుండా తెచ్చి దొరికితే జరిమానా కోటి వోన్ల (వోన్ అక్కడి కరెన్సీ) దాకా వెళ్తుంది. తాజా పండ్లు, కరివేపాకు రెమ్మలు, విత్తనాలు కూడా పెట్టకండి. సీల్ చేసిన కంది పొడి, శాకాహారపు పచ్చడి చెక్-ఇన్ బ్యాగులో వేసుకోండి. ఏ కాస్త అనుమానమున్నా కస్టమ్స్ దగ్గర చెప్పేయండి. చెబితే మహా అయితే ఆ వస్తువు తీసుకుంటారు, అంతే. సామాన్లు సర్దుతున్నప్పుడే ఇంకో మాట: అక్కడ కరెంటు 220 వోల్టులే, ప్లగ్గు గుండ్రటి రెండు పిన్నులది. మన సన్న రెండు పిన్నుల ఫోన్ చార్జర్ దిగుతుంది, మూడు పిన్నుల లాప్‌టాప్ ప్లగ్గుకు అడాప్టర్ కావాలి.

## దిగిన రోజు

ఎయిర్‌పోర్టు నుంచి సియోల్ ఎలా చేరాలి?

విమానం ఎక్కే ముందే, దిగడానికి మూడు రోజుల్లోపు, ఈ-అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపండి. అది ఉచితం, డబ్బడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. ఇంచియాన్ నుంచి ఎయిర్‌పోర్ట్ రైలు రెండు రకాలు. ఎక్కడా ఆగని ఎక్స్‌ప్రెస్ మొదటి టెర్మినల్ నుంచి సియోల్ స్టేషన్‌కు 43 నిమిషాల్లో చేరుస్తుంది. అన్ని స్టేషన్లలో ఆగేది గంటకు అటూఇటూ పడుతుంది, చవక, పైగా సియోల్‌లో కుర్రకారు పేట హోంగ్‌డేలో ఆగుతుంది. బస అక్కడైతే అదే సుఖం. పెద్దవాళ్లు, నాలుగు సూట్‌కేసులు ఉంటే మాత్రం రైలు మారుతూ మెట్లు దిగే బాధ వద్దు, హోటల్ దగ్గరి దాకా వచ్చే లిమోసిన్ బస్సు ఎక్కండి.

టీ-మనీ కార్డు ఎక్కడ కొనాలి?

ఎయిర్‌పోర్టులోనే, సీయూ, జీఎస్25 లాంటి చిన్న స్టోర్లలో. మెట్రో, బస్సు, చాలా ట్యాక్సీల్లో కూడా చెల్లుతుంది. రీచార్జి ఎక్కువచోట్ల నోట్లతోనే చేయాలి, అందుకే జేబులో నగదు ఉండాలి. బస్సు దిగేటప్పుడు కూడా కార్డు తాకించడం మరవకండి. తాకిస్తేనే అరగంటలోపు ఎక్కే తర్వాతి బస్సుకో మెట్రోకో రాయితీ వర్తిస్తుంది.

గూగుల్ మ్యాప్స్‌తో పని జరగదా?

దాన్నే నమ్ముకుంటే వీధుల్లో తిరుగుతూనే ఉంటారు. భద్రతా కారణాలతో వివరమైన మ్యాప్ డేటా దేశం దాటించడాన్ని కొరియా చాలా ఏళ్లుగా కట్టడి చేస్తూ వచ్చింది, అందుకే గూగుల్‌లో నడక దారి సరిగా రాదు. నేవర్ మ్యాప్ వేసుకోండి, ఇంగ్లిష్‌లో ఉంటుంది, మెట్రోలో ఏ గేటు నుంచి బయటికి రావాలో కూడా చెబుతుంది. మెనూ చదవడానికి పపాగో అనే అనువాద యాప్ కెమెరా. ట్యాక్సీకి కకావో టీ.

డబ్బు ఎలా తీసుకెళ్లాలి? యూపీఐ నడుస్తుందా?

యూపీఐని నమ్ముకుని వెళ్లకండి. కార్డు దాదాపు ప్రతిచోటా నడుస్తుంది, ఒక ఫోరెక్స్ కార్డు, ఒక మామూలు క్రెడిట్ కార్డు చాలు. సంతల్లో తినడానికి, టీ-మనీకి నగదు కావాలి. రూపాయలకన్నా డాలర్లు తీసుకెళ్లి మ్యోంగ్‌డాంగ్‌లోని మార్పిడి కౌంటర్లలో మార్చుకుంటే మంచి రేటు వస్తుంది. ధరలకు భయపడకుండా ఉండాలంటే మనసులో ఒక లెక్క: వెయ్యి వోన్లంటే అరవై రూపాయల పైచిలుకు.

## సియోల్‌లో

అయిదు ప్యాలెస్‌లున్నాయట, అన్నీ చూడాలా?

అక్కర్లేదు. రెండు చాలు, కానీ నింపాదిగా చూడండి.

మొదటిది గ్యోంగ్‌బోక్‌గుంగ్. జోసోన్ రాజవంశం 1395లో కట్టింది. 1592లో జపాన్ దండయాత్ర సమయంలో కాలిపోయి, రెండున్నర శతాబ్దాలకు పైగా శిథిలంగానే పడి ఉంది. 1860లలో మళ్లీ కట్టారు. 1910 తర్వాత జపాన్ వలస పాలకులు అందులో చాలా భవనాలు కూల్చి, సింహాసన మందిరం కనబడకుండా దాని ముందే తమ పాలనా భవనం లేపారు. స్వతంత్రం వచ్చిన యాభై ఏళ్లకు, 1995లో, కొరియా ఆ భవనం కూల్చివేత మొదలుపెట్టింది. ఈ సంగతి తెలిసి గ్వాంగ్‌హ్వామున్ ద్వారం ముందు నిలబడితే, రంగులు ఇంత కొత్తగా ఎందుకున్నాయని అడగరు. చాలామంది 'ఇది పాతది కాదులే' అని పెదవి విరుస్తారు. మళ్లీ మళ్లీ కట్టుకోవడమే ఆ చోటు చరిత్ర. పొద్దున పదికి, మధ్యాహ్నం రెండుకు కాపలా మార్పిడి వేడుక ఉంటుంది, పదింటిదానికి ఇరవై నిమిషాలు ముందే చేరండి. మంగళవారం సెలవు.

రెండోది చాంగ్‌డోక్‌గుంగ్, 1997 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. మొదటిది చదునైన నేల మీద సూటిగా గీత గీసి కట్టినట్టుంటే, ఇది కొండ వాలు ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. దీని వెనకున్న రహస్య తోట కోసమే వెళ్లాలి. తామర కొలను, దాని అంచున రెండు కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నట్టుండే మండపం, వందల ఏళ్ల చెట్లు. తోటకు విడిగా టికెట్ కొనాలి, గైడ్‌తోనే పంపుతారు, ఒక్కో జట్టుకు సంఖ్యా పరిమితి ఉంది. ఇంగ్లిష్ టూర్ టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, శరదృతువులో క్షణాల్లో అయిపోతాయి. ఇక్కడ సెలవు సోమవారం.

బుక్‌చోన్ హనోక్ విలేజ్‌కు సాయంత్రం వెళ్తే ఫొటోలు బాగా వస్తాయా?

వస్తాయేమో గానీ జరిమానా కూడా వస్తుంది. అది సినిమా సెట్ కాదు, ఆ పెంకుటిళ్లలో జనం కాపురముంటున్నారు. వాళ్ల గోడు విని, బాగా రద్దీగా ఉండే వీధిని రెడ్ జోన్‌గా ప్రకటించారు. పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు వరకే టూరిస్టులను రానిస్తారు. వేళ దాటి తిరిగితే లక్ష వోన్ల జరిమానా, 2025 మార్చి నుంచి అమల్లో ఉంది. పదింటికే వెళ్లి, గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ ఒక అరగంటలో వచ్చేయండి.

నమ్‌సాన్ టవర్ ఎక్కాలా, లోట్టే టవర్ ఎక్కాలా?

లోట్టే టవర్ 555 మీటర్లు, 123 అంతస్తులు, 2017లో తెరిచారు. టికెట్ ఖరీదు ఎక్కువ. నమ్‌సాన్‌లో టవర్ పైకి ఎక్కకపోయినా ఫర్వాలేదు, కొండ మీది నుంచే ఊరంతా కనిపిస్తుంది. సూర్యాస్తమయానికి గంట ముందు కొండ ఎక్కి, దీపాలు వెలిగాక దిగండి.

వాన పడితే ఏం చేయాలి?

నేషనల్ మ్యూజియం ఆఫ్ కొరియా. శాశ్వత ప్రదర్శనలకు ప్రవేశం ఉచితం. రెండో అంతస్తులో దాదాపు చీకటిగా ఉండే ఒక గది ఉంది. అందులో రెండే విగ్రహాలు, కాలు మీద కాలు వేసుకుని, చెంపకు వేళ్లు ఆనించి ఆలోచనలో మునిగిన బోధిసత్వులు. ఆరో శతాబ్దం చివర, ఏడో శతాబ్దం మొదట్లో పోతపోసిన కంచు బొమ్మలు. మిగతా మ్యూజియం వదిలేసినా ఈ గది వదలకండి. వాటి వెనక్కి కూడా వెళ్లి చూడొచ్చు, ఎవరూ తొందరపెట్టరు.

డీఎంజెడ్ టూర్ ప్రమాదమా? మనవాళ్లను రానిస్తారా?

డీఎంజెడ్ అంటే ఉత్తర, దక్షిణ కొరియాల మధ్య ఉన్న సైనికరహిత ప్రాంతం. రానిస్తారు. పాస్‌పోర్టు అసలుది దగ్గరుండాలి, సొంతంగా కాకుండా గుర్తింపు ఉన్న టూర్‌లోనే వెళ్లాలి. సోమవారం ఉండదు. మామూలు టూర్‌లో ఇమ్‌జిన్‌గాక్ పార్కు, 1978లో బయటపడ్డ మూడో సొరంగం, ఉత్తర కొరియా ఊళ్లు బైనాక్యులర్‌లో కనిపించే దోరా అబ్జర్వేటరీ ఉంటాయి. సొరంగంలోకి ఏటవాలుగా దిగి మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవారు, ఇరుకు చోట్లంటే భయపడేవారు పైనే కూర్చోవడం నయం. ఇరు సైన్యాలూ ఎదురెదురుగా నిలబడే పన్ముంజోమ్‌ను చూపిస్తామని ఎవరైనా చెబితే గట్టిగా ఆరా తీయండి, 2023 జూలై తర్వాత అక్కడికి మామూలు టూర్లు ఆగిపోయాయి.

వెళ్లే ముందు మన సంగతి ఒకటి తెలుసుకోండి, టూర్ గైడ్లు సాధారణంగా చెప్పరు. 1953లో కొరియా యుద్ధ విరమణ జరిగాక, సొంత దేశానికి తిరిగి వెళ్లబోమన్న వేలాది యుద్ధ ఖైదీలను ఈ ప్రాంతంలోనే కాపాడింది భారత సైన్యం. ఆ వ్యవహారం చూసిన తటస్థ దేశాల కమిషన్‌కు అధ్యక్షుడు లెఫ్టినెంట్ జనరల్ కె.ఎస్. తిమ్మయ్య. మన సైనికుల శిబిరం పేరు హింద్ నగర్.

## చేసి చూడాల్సినవి

హన్‌బోక్ వేసుకుని తిరిగితే అక్కడివాళ్లు తప్పుగా అనుకుంటారా?

అనుకోరు. హన్‌బోక్ అంటే కొరియన్ సంప్రదాయ దుస్తులు, వేసుకున్నవారికి ప్యాలెస్‌లలో టికెట్ కూడా ఉండదు. గ్యోంగ్‌బోక్‌గుంగ్ చుట్టుపక్కల అద్దె దుకాణాలు బోలెడు, రెండు గంటలు, నాలుగు గంటలు, రోజంతా అని లెక్క. ఆడవాళ్లకు ఛాతీ పైనుంచి విచ్చుకునే చిమా అనే పావడా, పైన పొట్టి జోగోరి. మగవాళ్లకు వదులు ప్యాంటు, పై అంగీ, టోపీ. జోగోరి ముందు వేలాడే పొడవాటి పట్టీలను ఒక పక్కకే ఉచ్చు వచ్చేలా ముడివేస్తారు. దుకాణంలో అమ్మాయి కట్టేటప్పుడు కాస్త గమనించండి, రెండు గంటల్లో అది ఒక్కసారైనా ఊడుతుంది.

మెరుపులు, జరీలు, గౌను లాంటి రింగులున్న డ్రెస్సులు ముందు వరసలో వేలాడదీస్తారు. సాదా రంగుల్లో ఉండే సంప్రదాయ హన్‌బోక్ అడిగితే లోపలి నుంచి తీస్తారు. ఫొటోల్లో అదే నిండుగా ఉంటుంది. కింద నడిచే చెప్పులు వేసుకోండి, పావడా ఎలాగూ కప్పేస్తుంది.

టెంపుల్ స్టే అంటే ఏం చేయిస్తారు? బౌద్ధులం కాకపోయినా ఫర్వాలేదా?

ఫర్వాలేదు, ఎవరినీ మతం అడగరు. 2002 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు వచ్చే విదేశీయులకు గదులు చాలక ఆలయాల తలుపులు తెరిచారు. అప్పుడు మొదలైంది ఇప్పుడు దేశమంతా నడుస్తోంది. ఒక రాత్రి ఉండే కార్యక్రమాలు రెండు రకాలు: ఊరికే విశ్రాంతిగా ఉండేది, అన్నింట్లో పాల్గొనేది. మొదటిసారైతే రెండోది తీసుకోండి.

మధ్యాహ్నం చేరగానే వదులు చొక్కా, ప్యాంటు ఇస్తారు. గదిలో మంచం ఉండదు, అడుగున వెచ్చబెట్టిన నేల మీద పరుపు. సాయంత్రం అయిదున్నర, ఆరుకే భోజనం ముగుస్తుంది. చీకటి పడకముందు పెద్ద ఢోలు, ఆ తర్వాత గంట మోగిస్తారు, కొన్నిచోట్ల మన చేత కూడా కొట్టిస్తారు. తెల్లవారుజామున నాలుగుకు లేపుతారు. చాలాచోట్ల 108 సాష్టాంగాలుంటాయి. ఒక్కో ప్రణామానికి ఒక్కో పూస దారానికి ఎక్కిస్తూ చివరికి మాల పూర్తిచేసి ఇంటికి తెచ్చుకుంటారు. యాభై దాటేసరికి తొడలు వణుకుతాయి. ఆపేసి కూర్చున్నా ఎవరూ ఏమనరు.

కొన్ని ఆలయాల్లో నాలుగు గిన్నెల సంప్రదాయ భోజనం పెడతారు. ఎవరి గిన్నెలో ఎంత తినగలిగితే అంతే వడ్డించుకోవాలి, మాట ఉండదు. ఒక ముల్లంగి ముక్కో కిమ్చీ ముక్కో చివరిదాకా దాచుకుని, గిన్నెలో నీళ్లు పోసుకుని దాంతోనే తుడిచి, ఆ ముక్క తిని ఆ నీళ్లు తాగేయాలి. ఒక్క మెతుకు మిగలకూడదు. మొహమాటంతో ఎక్కువ వడ్డించుకున్నవారికి అప్పుడు తెలుస్తుంది.

సియోల్ అంచున జిన్‌గ్వాన్సా వంటకాలకు పేరు. గ్యోంగ్‌జు దగ్గర గోల్‌గుల్సాలో సన్‌ముడో అనే బౌద్ధ యుద్ధకళ నేర్పుతారు. బుకింగ్ అధికారిక టెంపుల్‌స్టే సైట్‌లోనే చేసుకోండి. శని, ఆదివారాలకు నెల ముందే నిండిపోతాయి.

జిమ్‌జిల్‌బాంగ్‌కు వెళ్లాలనుంది గానీ అందరి ముందు బట్టలు విప్పాలట?

జిమ్‌జిల్‌బాంగ్ అంటే ఉమ్మడి స్నానాలు, వెచ్చటి గదులు ఉండే చోటు. స్నానాల విభాగంలో అవును, పూర్తిగా. ఆడవాళ్లకు, మగవాళ్లకు అది వేరువేరు అంతస్తులు, స్విమ్‌సూట్ వేసుకోనివ్వరు. కానీ ఆ భాగం దాటేసి నేరుగా వెచ్చటి గదులకు వెళ్లొచ్చు, అక్కడ అందరూ కలిసే ఉంటారు, వాళ్లిచ్చిన టీషర్టు, నిక్కరు వేసుకునే ఉంటారు. చెప్పుల లాకర్, ఆ తర్వాత బట్టల లాకర్, చేతికి తాళం. లోపల ఉప్పు గది, మట్టి గది, మంచు గది. తువ్వాలును రెండు పక్కలా చుట్టి గొర్రె కొమ్ముల్లా తలకు పెట్టుకుంటారు. కాల్చిన గుడ్లు, తియ్యటి బియ్యపు పానీయం షిఖ్యే కొనుక్కుని నేల మీద చతికిలబడి తింటారు. ఏ ప్యాలెస్‌లోనూ కనిపించని కొరియా ఇక్కడ కనిపిస్తుంది: నిద్రపోతున్న తాతగారు, హోంవర్క్ చేసుకుంటున్న పిల్ల. బీపీ ఉన్నవారు వేడి గదుల జోలికి పోవద్దు.

సంప్రదాయ సంగీతం ఎక్కడ వినాలి?

సియోల్‌లోని నేషనల్ గుగాక్ సెంటర్‌లో. పన్సోరి ఉన్న రోజు చూసుకోండి. ఒక్క గాయకుడు, ఒక్క డప్పు వాద్యకారుడు. పాటా మాటా కలిపి కథంతా ఆ ఒక్కరే నడిపిస్తారు. మధ్యలో ప్రేక్షకులు 'ఓల్‌షిగు' అని కేక వేస్తారు. భయపడకండి, అది శభాష్ అనడమే.

కే-పాప్ షో చూడటం కుదురుతుందా?

టీవీ షో రికార్డింగ్‌లకు టికెట్లు కష్టం, బయట ఎక్కువ ధరకు అమ్మేవాళ్లను నమ్మొద్దు. శుక్ర, శనివారాల సాయంత్రం హోంగ్‌డే వీధుల్లో కుర్రాళ్లు డ్యాన్స్ చేస్తారు, పైసా ఖర్చు లేదు.

## తిండి

పక్కా శాకాహారిని, ఏం తినాలి?

కష్టమే, ముందే ఒప్పుకుందాం. ఇబ్బంది కనబడే మాంసంతో కాదు, కనబడని చేపతో. కిమ్చీలో ఉప్పు రొయ్యలో చేప సాసో వేస్తారు, పులుసు నెత్తళ్లతో కాస్తారు, కూరలు వేసి కలుపుకునే అన్నం బిబింబాప్ మీద వేసే ఎర్ర కారపు ముద్దలో ఒక్కోసారి గొడ్డుమాంసం కలుపుతారు. 'శాకాహారం' అంటే మాంసం ముక్కలు ఏరేసి ఇచ్చే హోటళ్లూ ఉన్నాయి. 'గోగి ప్పే జుసేయో' అంటే మాంసం తీసేయండి అని. అది చాలదు. చేప, రొయ్య, గుడ్డు, మాంసపు పులుసు ఏదీ వద్దని పపాగోలో కొరియన్‌లో రాయించి ఫొటో తీసి ఉంచుకోండి, అదే చూపించండి.

నిశ్చింతగా తినాలంటే బౌద్ధ ఆలయ భోజనం. మాంసం, చేపతో పాటు వెల్లుల్లి, ఉల్లి జాతి ఘాటు కూరలు కూడా వాడరు. ఇంట్లో కార్తీక మాసం పాటించే పెద్దవాళ్లు సైతం తినగలరు. నిషిద్ధమైన అయిదు ఘాటు పదార్థాల పాత జాబితాలో మన ఇంగువ కూడా ఉండటం తమాషా. సియోల్‌లో జోగ్యేసా ఆలయం ఎదురుగా జోగ్యే బౌద్ధ సంఘమే నడిపే బాలు గోంగ్యాంగ్ రెస్టారెంట్ ఉంది. ఖరీదైనదే, ముందే బుక్ చేసుకోవాలి. ఇతేవోన్‌లో భారతీయ హోటళ్లున్నాయి. మూడో రోజు పప్పన్నం మీదకు మనసు పోతే అక్కడికి వెళ్లండి, సిగ్గేం లేదు.

నాన్‌వెజ్ తింటాం గానీ బీఫ్, పోర్క్ వద్దు. ఏం ఆర్డర్ చేయాలి?

దక్‌గల్బీ: కోడి ముక్కలు, క్యాబేజీ, బియ్యపు ముద్దలు మన ముందే పెద్ద పెనం మీద కారంగా వేపుతారు, చివర్లో అదే పెనంలో అన్నం కలిపి ఇస్తారు. మన నాలుకకు వెంటనే పట్టేస్తుంది. సమ్‌గ్యేతాంగ్ అంటే బియ్యం కూరిన చిన్న కోడి, జిన్‌సెంగ్ వేసి ఉడికించిన పులుసులో వస్తుంది. చప్పగా ఉంటుంది, ఒంట్లో బాలేనప్పుడు మేలు. డంప్లింగ్స్‌లో పోర్క్ లేకపోవడం అరుదు, అడగకుండా తినకండి.

గ్వాంగ్‌జాంగ్ మార్కెట్‌లో ఏం తినాలి?

బిందేతోక్. నానబెట్టిన పెసరపప్పును తిరగలిలో రుబ్బి, మొలకలు కలిపి, నూనెలో మందంగా వేసే అట్టు, లావుపాటి పెసరట్టే అనుకోండి. తిరగలి తిరుగుతూ ఉంటే పిండి అంచుల నుంచి కారుతుంటుంది, పక్కనే పెనంలో అట్లు నూనెలో ఈదుతుంటాయి. పచ్చి ఉల్లి ముక్కలు వేసిన సోయా నీళ్లతో ఇస్తారు. కొన్ని కొట్లలో పోర్క్ కలుపుతారు, అడగండి. బల్ల మీద కూర్చునే ముందే ధర చూసుకోండి.

## సియోల్ దాటి

కేటీఎక్స్ రైలు టికెట్ ముందే కొనాలా?

శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా అయితే తప్పనిసరి. సియోల్ నుంచి బుసాన్‌కు రెండున్నర గంటల పైచిలుకు, టికెట్ 60,000 వోన్లకు కొంచెం తక్కువ. గ్యోంగ్‌జుకు రెండు గంటలు.

గ్యోంగ్‌జులో ఏముంది? అందరూ నామి ద్వీపం అంటున్నారు కదా?

నామి ద్వీపంలో ఉన్నది చక్కటి చెట్ల వరస, ఫొటోలు దిగే జనం. గ్యోంగ్‌జులో ఉన్నది దాదాపు వెయ్యేళ్ల రాజధాని. క్రీ.శ. 935 వరకు సిల్లా రాజ్యం ఇక్కడి నుంచే నడిచింది. ఊరి మధ్యలో పచ్చగడ్డి కప్పిన పెద్ద పెద్ద దిబ్బలు కనిపిస్తాయి, అవన్నీ రాజుల సమాధులు. వాటి పక్కనే టీ కొట్లు, స్కూలు పిల్లలు. ఒక దిబ్బ లోపలికి వెళ్లి చూడొచ్చు, పేరు చోన్‌మాచోంగ్. తవ్వకాల్లో దొరికిన బంగారు కిరీటాలు మ్యూజియంలో ఉన్నాయి. ఆ మ్యూజియం ఆవరణలోనే 771లో పోతపోసిన మహా గంట.

ఊరికి కాస్త దూరంలో బుల్‌గుక్సా ఆలయం, కొండపైన సోక్కురమ్ గుహలో రాతి బుద్ధుడు. రెండూ 1995 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. గుహలో బుద్ధుణ్ణి అద్దం ఇవతల నుంచే చూడాలి, ఫొటోలు తీయనివ్వరు. రాత్రికి వోల్జీ కొలను దగ్గరికి వెళ్లండి. దీపాల వెలుగులో మండపాలు నీళ్లలో తలకిందులుగా కనిపిస్తాయి. సైకిల్ అద్దెకు తీసుకుంటే ఊరి మధ్య భాగం ఒక్క పూటలో తిరిగేయొచ్చు. రెండింట్లో ఒకటే కుదురుతుందంటే నా మాట గ్యోంగ్‌జుకే.

అయోధ్య రాకుమారి కొరియా రాణి అయ్యిందన్నది నిజమా? ఆ సమాధి ఎక్కడ?

13వ శతాబ్దపు సమ్‌గుక్ యుసా గ్రంథంలో ఆ కథ ఉంది. ఆయుత అనే దేశం నుంచి క్రీ.శ. 48లో ఓడలో వచ్చిన రాకుమారి గయ రాజు సురోను పెళ్లాడిందని, ఆమె పేరు హో హ్వాంగ్-ఓక్ అని. ఆయుత అంటే అయోధ్యేనని చరిత్రకారులంతా ఒప్పుకోరు. కానీ ఆ వంశం తమదని చెప్పుకునే గిమ్హే కిమ్, హో ఇంటిపేర్లవాళ్లు కొరియాలో లక్షల్లో ఉన్నారు. సమాధి గిమ్హే ఊళ్లో ఉంది, బుసాన్ నుంచి లైట్ రైలులో వెళ్లొచ్చు. ఓడలో వెంట తెచ్చిందని చెప్పే రాతి స్తూపం ఆ పక్కనే ఉంటుంది.

బుసాన్‌లో ఒక్కరోజే ఉంటే?

పొద్దున్నే సముద్రపు రాళ్ల మీద కట్టిన హేడోంగ్ యోంగ్‌గుంగ్సా ఆలయం, మధ్యాహ్నం గమ్‌చోన్ రంగుల ఇళ్ల కొండ, రాత్రి గ్వాంగల్లీ బీచ్. గమ్‌చోన్ కొరియా యుద్ధ కాలంలో శరణార్థులు కొండ వాలున కట్టుకున్న పేట. అక్కడా జనం ఉంటున్నారు, కిటికీల్లోకి కెమెరా పెట్టకండి.

## మర్యాదలు, జాగ్రత్తలు, తిరుగు ప్రయాణం

తెలియక చేసే తప్పులు ఏమైనా ఉంటాయా?

అన్నం గిన్నెలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకండి, అది చనిపోయినవారికి పెట్టే తీరు. పెద్దవాళ్లు మొదలుపెట్టాకే తినాలి. డబ్బు, కార్డు, బహుమతి ఏదిచ్చినా రెండు చేతులతో, లేదా ఎడమ చెయ్యి కుడి మోచేతికి ఆనించి ఇవ్వండి. మెట్రోలో గట్టిగా ఫోన్ మాట్లాడొద్దు, చివర్లో ఉండే పెద్దవాళ్ల సీట్లు, గులాబీ రంగు గర్భిణుల సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోవద్దు. టిప్పు ఇవ్వకండి. వీధుల్లో చెత్తడబ్బాలు తక్కువ, ఒక ప్లాస్టిక్ కవరు బ్యాగులో ఉంచుకోండి.

అమ్మానాన్నలను తీసుకెళ్తున్నాం, నడవగలరా?

రోజుకు పది పన్నెండు వేల అడుగులు అలవోకగా అయిపోతాయి, ప్యాలెస్‌లలో ఎక్కువ చోట్ల కంకర నేల. ఇక్కడే నెల ముందు నుంచి నడక అలవాటు చేయించండి. మెట్రోలో లిఫ్టు ఏ గేటు దగ్గరుందో నేవర్ మ్యాప్‌లో చూసుకోండి. పబ్లిక్ టాయిలెట్లు ఉచితం, శుభ్రం, కానీ నీళ్లు అన్నిచోట్లా ఉండవు. మన పెద్దవాళ్లకు చిన్న బాటిల్ వెంట ఉంటే టెన్షన్ ఉండదు.

ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లొచ్చా? ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి?

వెళ్లొచ్చు. రాత్రి పదకొండుకు కూడా మెట్రోలో అమ్మాయిలు నిశ్చింతగా కనిపిస్తారు. మామూలు జాగ్రత్తలు చాలు. పోలీసులకు 112, అంబులెన్స్‌కు 119. దారి తప్పినా, ట్యాక్సీతో గొడవైనా, భాష అడ్డొచ్చినా 1330కి చేయండి. అది టూరిస్టుల కోసం నడిచే 24 గంటల లైన్, ఇంగ్లిష్‌లో మాట్లాడతారు, అవసరమైతే ఎదుటివారికి ఫోన్ ఇస్తే మధ్యలో అనువాదం కూడా చేస్తారు.

షాపింగ్ మీద ట్యాక్స్ వెనక్కి ఎలా వస్తుంది?

ఒకే బిల్లులో 15,000 వోన్లు దాటితే, ట్యాక్స్ ఫ్రీ బోర్డున్న దుకాణాల్లో పాస్‌పోర్టు చూపించండి. చాలాచోట్ల బిల్లులోనే తగ్గించేస్తారు. అలా తగ్గించనిచోట రసీదు తీసుకుని ఎయిర్‌పోర్టు కియోస్క్‌లో స్కాన్ చేయాలి. కస్టమ్స్‌కు వస్తువు చూపించమని తెర మీద వస్తే మాత్రం, సూట్‌కేసు చెక్-ఇన్‌లో ఇచ్చేశాక చేసేదేమీ ఉండదు. కాబట్టి ముందు కియోస్క్, ఆ తర్వాతే లగేజీ కౌంటర్.